నక్కల వేట: రైతు కోసమా, దొరల సరదా కోసమా?

పాతకాగితాలు:
ఇంగ్లండ్‌లో నక్కల వేట రైతుల కోళ్లనీ గొర్రెపిల్లలనీ కాపాడ్డానికే పుట్టిందనీ, కుక్కలతో వేటని నిషేధించిన 2004 చట్టం దాన్ని అన్యాయంగా చంపేసిందనీ మొన్న ఇక్కడ ఒకరు రాశారు. నాకు మింగుడుపడలేదు. లెస్టర్‌షైర్‌లోని క్వార్న్ హంట్ సంగతే చూడండి (హంట్ అంటే గుర్రాలెక్కి, కుక్కల మందతో నక్కని తరిమే వేట బృందం). 1753 నుంచి 1800 దాకా దాన్ని నడిపినవాడు హ్యూగో మేనెల్. అంతకుముందు తెల్లారుతూనే బయల్దేరి, కడుపు నిండి బరువుగా ఉన్న నక్క జాడ పట్టి మెల్లగా పోయేవాళ్లు. ఈయన వాసన పట్టడంతో పాటు వేగం కూడా ఉన్న జాతి కుక్కల్ని తయారుచేశాడు. వేటని పొద్దెక్కాక పెట్టాడు, నక్కకి తిన్నది అరిగి బాగా పరిగెత్తాలని! పురుగుమందు కొట్టేవాడు పురుగు తేరుకునేదాకా ఆగుతాడా?

మందకాపరి:
సగమే చెప్పారు సార్. నక్క పీడ అన్నది నిజం. 1566 చట్టం కింద నక్క తల తెచ్చినవాడికి ఊరి చర్చి పెద్దలు డబ్బులిచ్చేవాళ్లు. పైగా రైతులకీ హంట్‌కీ ఇచ్చిపుచ్చుకోవడాలుండేవి. చచ్చిన గొడ్డుని హంట్ వాళ్లే వచ్చి పట్టుకెళ్లి కుక్కలకి వేసేవాళ్లు. కుక్కపిల్లలు పెరిగేది రైతుల ఇళ్లలోనే.

లెస్టర్‌లో ఉంటా:
ఒకసారి పల్లెలో పబ్బు ముందు హంట్ గుంపు ఆగితే చూశాను. కుక్కలెన్ని అనడిగితే వాళ్లలో ఒకడు "పదిహేడున్నర జతలు" అన్నాడు. అంటే ముప్పై ఐదు. వాళ్లు వేసుకునే ఎర్ర కోటుని "పింక్" అంటారు. మనం నక్క తోక తొక్కితే అదృష్టం అంటాం, వీళ్లు ఆ తోకే కోసి ఇంట్లో దాచుకునేవాళ్లు.

పాతకాగితాలు:
@మందకాపరి, తలకి డబ్బు మాట ఒప్పుకుంటా. కానీ అది తవ్వో, ఉచ్చు వేసో చంపే పని. హంట్ వచ్చాక అదే పని పెద్దమనుషుల్లో పరువు తక్కువైంది. నక్కలు దాక్కోడానికి ముళ్లపొదలు నాటించారు. కోళ్లు పోయినవాళ్లకి హంట్ నిధి నుంచి పరిహారం ఇచ్చారు, నక్క జోలికి పోకుండా. 19వ శతాబ్దంలో నక్కలు చాలక యూరప్ నుంచి తెప్పించినవి లండన్ లెడెన్‌హాల్ బజార్లో అమ్మారు. పీడని కొనుక్కొచ్చి వదులుతారా ఎవరైనా?

కోర్టుపక్షి:
"చట్టం చంపేసింది" కూడా తప్పే. 2005 ఫిబ్రవరి 18న ఇంగ్లండ్, వేల్స్‌లలో అమల్లోకొచ్చింది. ఆగింది కుక్కలతో నక్కని చంపించడం. హంట్‌లు ఆగలేదు, ముందే పరిచిన వాసన వెంట పోతామంటూ "ట్రెయిల్ హంటింగ్" పెట్టుకున్నాయి. అదంతా ముసుగేనని వ్యతిరేకులు మొత్తుకుంటున్నారు, 2024 ఎన్నికల్లో లేబర్ పార్టీ దాన్నీ నిషేధిస్తామంది. 2000లో వేట మీద ప్రభుత్వం వేసిన బర్న్స్ కమిటీ కూడా వేట నక్కని తీవ్రంగా బాధిస్తుందనే చెప్పింది, క్రూరం అన్న మాట మాత్రం వాడలేదు.

మందకాపరి:
లెడెన్‌హాల్ సంగతి నాకు తెలీదు, అది గట్టి దెబ్బే. అయినా పరిహారం అందిన రైతు వేటని ఎందుకు కాదంటాడు? అతనికి నక్క వల్ల పోయిందేముంది?

లెస్టర్‌లో ఉంటా:
కంచె! యాభై గుర్రాలు తొక్కుకుంటూ పోయిన గోధుమ చేను కూడా.