ఇంటి సోలార్ బ్యాటరీకి బీ గ్రేడ్ సెల్స్ చాలవా?

పగటివెలుగు:
16 ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్‌తో 51.2 వోల్టుల ప్యాక్ కట్టుకుందామనుకుంటున్నాను. ఒక్కో సెల్ 280 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు). 'ఏ' గ్రేడ్ అయితే బడ్జెట్ దాటిపోతోంది. బీ గ్రేడ్ అమ్మే ఆయన "కెపాసిటీ 97 శాతం ఉంది, వాడకంలో తేడా తెలియదు" అంటున్నారు. అన్ని సెల్స్ మీదా మీటర్ 3.29 వోల్టులు చూపిస్తున్న ఫొటోలు కూడా పంపారు. తీసుకోవచ్చా?

నిదానం:
తీసుకోండి. మా ఇంట్లో బీ గ్రేడ్ సెల్స్ మూడేళ్లుగా నడుస్తున్నాయి. ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ అయితే యాక్సిలరేటర్ తొక్కగానే కరెంట్ గట్టిగా లాగుతుంది. ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ అంతే కదా. నేను 0.2సీ (గంటకు కెపాసిటీలో ఐదో వంతు) దాటి ఎప్పుడూ లాగలేదు. మిగిలిన డబ్బు మంచి బీఎంఎస్ (సెల్స్‌ను కనిపెట్టుకుని, అవసరమైతే ప్యాక్‌ను ఆపేసే సర్క్యూట్) మీద పెట్టండి.

మిల్లీఓమ్:
నిదానం గారూ, మీకు మంచి సెల్స్ దొరికాయి, సంతోషం. కానీ బీ గ్రేడ్ అంటే ఏమిటో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఏదీ లేదండి. ఏ, బీ అన్నవి ఫ్యాక్టరీలు తమ లెక్కల ప్రకారం పెట్టుకున్న పేర్లు. కెపాసిటీ కాస్త తగ్గినదీ బీయే, సెల్ఫ్ డిశ్చార్జ్ (వాడకపోయినా ఛార్జ్ దానంతటదే కారిపోవడం) ఎక్కువున్నదీ బీయే, గోడౌన్‌లో ఏళ్ల తరబడి పడి ఉన్నదీ బీయే. వాడేసిన సెల్‌కు కొత్త నీలం కవర్ తొడిగి అదే పేరుతో అమ్మేవాళ్లూ ఉన్నారు. అందుకే అసలు అడగాల్సింది, ఆ సెల్ ఏ పరీక్షలో తప్పింది అని.

పగటివెలుగు గారూ, ఆ 97 శాతం సగటా, కనిష్ఠమా? సిరీస్‌లో అన్నిటికంటే బలహీనమైన సెల్ ఖాళీ కాగానే బీఎంఎస్ మొత్తం ప్యాక్‌ను ఆపేస్తుంది. పదిహేను సెల్స్ 272 ఏహెచ్ ఇచ్చినా ఒక్కటి 255 దగ్గర ఆగిపోతే మీ ప్యాక్ 255 ఏహెచ్‌దే. పూర్తి 280తో పోలిస్తే 1.3 యూనిట్లు తగ్గినట్టు.

ఇక 3.29 వోల్టుల ఫొటోలతో ఏమీ తేలదు. ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజ్ మధ్యలో చదునుగా ఉంటుంది. రెండు సెల్స్ ఛార్జ్‌లో పది శాతం తేడా ఉన్నా మీటర్ మీద కనబడేది కొన్ని మిల్లీవోల్టులే.

నిదానం:
సగటు సంగతి ఒప్పుకుంటున్నాను, నేను అడగలేదు. కానీ సెల్స్ మధ్య ఛార్జ్‌ను సమం చేసే 2 ఆంపియర్ల యాక్టివ్ బ్యాలెన్సర్ పెడితే తేడాలు సర్దుకుంటాయి కదా?

మిల్లీఓమ్:
ఛార్జ్ తేడాలు సర్దుకుంటాయి. కెపాసిటీ మాత్రం పెరగదు. సెల్ఫ్ డిశ్చార్జ్ ఎక్కువున్న సెల్‌ను బ్యాలెన్సర్ రోజూ నింపుతూ పోతుంది, లోపల చిన్న షార్ట్ లాంటిది పెరుగుతున్నా మనకు కనపడనివ్వదు. నాకు టెన్షన్ పెట్టేది ఇదే, ఎందుకంటే ఇది మనుషులు నిద్రపోయే ఇంట్లో ఉండే ప్యాక్. కెపాసిటీ తక్కువన్న ఒక్క కారణంతో బీ అయిన సెల్‌ను నేనూ వాడతాను. సెల్ఫ్ డిశ్చార్జ్ వల్ల బీ అయినదాన్ని ఉచితంగా ఇచ్చినా వద్దు.

కొనేముందు రెండు సెల్స్ తెప్పించుకోండి. 3.65 వోల్టుల దాకా నింపి, కరెంట్ 14 ఆంపియర్లకు పడిపోయాక ఆపండి. కాసేపు వదిలేసి 2.5 వోల్టుల దాకా దించి, ఎన్ని ఏహెచ్ వచ్చాయో లెక్కపెట్టండి. ఆ తర్వాత రెండింటినీ 3.0 వోల్టుల దగ్గరికి తెచ్చి నెల రోజులు పక్కన పెట్టండి. వోల్టేజ్ వంపు అక్కడ నిటారుగా ఉంటుంది కాబట్టి కారే సెల్ దొరికిపోతుంది. టెర్మినల్స్ మీద అరగదీసిన గీతలు, క్యూఆర్ కోడ్ చెరిపి మళ్లీ చెక్కిన జాడ ఉంటే పరీక్ష కూడా వద్దు, తిప్పి పంపేయండి.

నిదానం:
నా ప్యాక్‌లో ఏడో నంబర్ సెల్ ఎప్పుడూ మిగతావాటికంటే వెనకే ఉంటుంది. బ్యాలెన్సర్ చూసుకుంటుందిలే అని వదిలేశాను. ఈ ఆదివారం బ్యాలెన్సర్ ఆపి చూస్తాను.

పగటివెలుగు:
ఏ పరీక్షలో తప్పాయో, నెల రోజుల రీడింగులు ఉన్నాయో లేదో అమ్మే ఆయన్ని అడిగాను. "అవన్నీ ఎవరూ అడగరండీ" అన్నారు. ఆర్డర్ ఆపేశాను.