కంభం రైల్వే స్టేషన్ పాత సంగతులు ఎవరికైనా తెలుసా?

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మగారిది కంభం దగ్గర పల్లె. చెరువు గురించి అడిగితే ఎవరైనా చెబుతారు: కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేశారని, విజయనగర రాజుల కాలం నాటిదని, 2020లో అంతర్జాతీయ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చిందని. నాకు కావాల్సింది రైలు కథ.

తాతయ్య ట్రంకు పెట్టెలో ఒక రైల్వే రసీదు దొరికింది. మడతల దగ్గర చిరిగిపోయింది. 'పసుపు, 12 బస్తాలు' వరకే చదవగలిగాను. తేదీ ఉండాల్సిన చోట చెదలు తిన్న చిల్లు (సరిగ్గా అక్కడే తినాలా!).

గుంటూరు-గుంతకల్ లైను మీటర్ గేజ్‌గా ఉన్న రోజుల్లో కంభంలో గూడ్స్ షెడ్డు ఎటువైపు ఉండేది? చెరువు కింద పండిన పసుపు దుగ్గిరాలకు వెళ్లేదా, ఇంకెక్కడికైనానా? మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చెప్పినా చాలు. పాత ఫొటోలుంటే మరీ సంతోషం.