వేయి ఆలోచనలా, నూరేనా?

గోడరాత: "నూరు పూలు వికసించనీ, వేయి ఆలోచనలు సంఘర్షించనీ". కాలేజీ రోజుల నుంచీ మావో నినాదం నా నోట్లో ఇలాగే ఉంది. నిన్న ఒక మిత్రుడు రెండో చోట కూడా 'నూరు' అనే రాశాడు. ఏది సరైనది? ఆ 'వేయి' ఎక్కణ్ణుంచి వచ్చింది?

చీనీ విద్యార్థిని: చీనీ మూలంలో రెండు చోట్లా నూరే. పై హ్వా ఛీ ఫాంగ్, పై చ్యా చంగ్ మింగ్. 'పై' అంటే నూరు. మొదటి సగం చైనా కమ్యూనిస్టు నాయకుడు మావో 1951లో నాటకరంగం గురించి రాసిచ్చిన మాట. రెండో సగంలోని 'నూరు' ప్రాచీన చైనాలో రాజ్యాలు పోరాడుకున్న యుద్ధరాజ్యాల కాలపు చింతనధారలది. 1956లో రెండూ కలిసి కమ్యూనిస్టు పార్టీ విధానమయ్యాయి.

వరంగల్ మాస్టారు: మూలం సంగతి సరే. ఒకసారి గొంతెత్తి నినాదం ఇచ్చి చూడండి. నూరు, నూరు అంటే ఉన్నచోటే ఉంటుంది. 'వేయి' దగ్గర గొంతు లేస్తుంది. అనువాదకుడికి చెవి ఉంది.

గోదారిగట్టు: అంత దూరం వద్దు మాస్టారూ. ఇంగ్లీషులో చాలామంది 'వెయ్యి పూలు' అనే రాస్తారు. అక్కణ్ణుంచి అంటుకుంది.

వరంగల్ మాస్టారు: అక్కడ వెయ్యి అయినవి పూలు. మనం పూలని నూరుగానే ఉంచి ఆలోచనల్ని పెంచాం. మరి అంటుకోవడం ఎలా కుదురుతుంది?

పదాల పిచ్చి: నాకు అంకె కంటే 'నీ' మీదే పట్టింపు. 'వికసించనీ' అంటే ఒకరు ఒప్పుకోవాలి, ఇంకొకరు వికసించాలి. ఆ అనుమతి మూలంలో ఉందా అక్కా?

చీనీ విద్యార్థిని: ఆ నాలుగు అక్షరాల్లో లేదు. 'ఛీ ఫాంగ్' అంటే అన్నీ కలిసి విచ్చుకోవడం. కానీ జరిగిన చరిత్రకి మన 'నీ' సరిగ్గా అతికింది. 1957 వసంతంలో విమర్శించమని పార్టీయే అడిగింది. మే 19న పెకింగ్ విశ్వవిద్యాలయం భోజనశాల గోడ మీద విద్యార్థులు పెద్దక్షరాల పోస్టర్లు అతికించడం మొదలుపెట్టారు. క్వాంగ్‌మింగ్ దినపత్రిక సంపాదకుడు ఛు ఆన్‌పింగ్ దేశం పార్టీ సొత్తయిపోయిందని నిలదీశాడు. జూన్ 8న పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ సంపాదకీయంతో గాలి విమర్శించినవాళ్ళ మీదికే తిరిగింది. ఫిబ్రవరిలో మావో చేసిన ప్రసంగం జూన్‌లో అచ్చయ్యేసరికి, ఏది పరిమళించే పువ్వో ఏది విషపు కలుపో తేల్చే ఆరు కొలతలు కొత్తగా వచ్చి చేరాయి. సుమారు 5,50,000 మందికి 'రైటిస్టు', అంటే పార్టీ వ్యతిరేకి అనే టోపీ పెట్టారు.

పదాల పిచ్చి: టోపీ పెట్టడమంటే మనకి మోసం చేయడం కదా!

చీనీ విద్యార్థిని: అక్కడ ముద్ర వేయడం. ఆ టోపీ ఒక్కరి నెత్తితో ఆగలేదు. విడిపొమ్మని భార్య మీద ఒత్తిడి, చదువులోనూ ఉద్యోగంలోనూ పిల్లల వెంట తల్లిదండ్రుల వర్గముద్ర. ఉద్యోగి ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి అతని ఫైలూ వెళ్ళేది. టోపీ తీసేశాక కూడా 'టోపీ తీసిన రైటిస్టు' అనేవాళ్ళు. చాలామందికి ఆ మచ్చ పోయింది 1978 తర్వాతే.

గోదారిగట్టు: నా ప్రాణం ఐ ఛింగ్ దగ్గర కొట్టుకుంటుంది. ఒకప్పుడు కమ్యూనిస్టుల స్థావరం యెనాన్ వెళ్ళి విప్లవంలో కలిసిన కవి. ఆయన్నీ రైటిస్టన్నారు. ముందు ఈశాన్యపు బంజరు భూములకి, తర్వాత పడమటి కొసనున్న షిన్‌చ్యాంగ్‌కి పంపారు. సాంస్కృతిక విప్లవంలో ఆయన చేత మరుగుదొడ్లు కడిగించారు. కుటుంబమంతా నేలలో తవ్విన గుంత ఇంట్లో ఉంది. కొడుకు, కళాకారుడు ఐ వెయ్‌వెయ్‌ని ఇప్పుడు అందరూ ఎరుగుదురు, తండ్రిని చదివేవాళ్ళేరీ? 1938లోనే ఆయన తాను పక్షినైతే బొంగురు గొంతుతోనైనా పాడతానన్నాడు.

చీనీ విద్యార్థిని: పక్షి అన్నారు కాబట్టి చెప్తాను. 'మింగ్' అనే అక్షరంలో నోరు పక్కన పక్షి ఉంటుంది. అసలు అర్థం పక్షి కూత. కాబట్టి 'సంఘర్షించనీ' నాకు ఒప్పదు. అక్కడ కొట్లాట లేదు, గొంతుల పోటీ ఉంది. 'నూరు గొంతులు పోటీపడి పలకనీ' అంటాను.

వరంగల్ మాస్టారు: అమ్మా, 'చంగ్' అంటే పోట్లాటే కదా? దాన్ని తీసేసి కూత ఒక్కటే ఉంచుతానంటే ఎలా? ఆలోచనలు రాసుకుంటేనే నిప్పు పుట్టేది. 'ఘర్ష'లో ఆ రాపిడి ఉంది, 'పలకనీ'లో లేదు.

పదాల పిచ్చి: రాపిడి ఉంచండి మాస్టారూ, 'సం' తీసేయండి. 'ఘర్షించనీ' చాలు.

గోడరాత: మరి వేయా, నూరా?

వరంగల్ మాస్టారు: 'సం' తీస్తే నడక కుంటుపడుతుంది. పైకి చదివి చూడండి.