బాబు బరువు పెరుగుతున్నాడు, వాడి మనసు నొచ్చుకోకుండా ఏం చేయాలి?

బెజవాడ అమ్మ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా బాబుకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. ఎత్తు 136 సెంటీమీటర్లు, బరువు 42 కిలోలు. పాత ఇంట్లో ఉన్నంతకాలం మామూలుగానే ఉండేవాడు, ఇంటి పక్క ఖాళీ స్థలంలో ఆడుతూ చీకటి పడ్డాక పిలిచినా వచ్చేవాడు కాదు. ఈ అపార్ట్‌మెంట్‌కు మారాక ఆడుకోవాలంటే సెల్లార్ ఒక్కటే దిక్కు, అక్కడ బంతి ఎవరి కారుకు తగులుతుందోనని వాచ్‌మన్ కేకలేస్తాడు, దాంతో పిల్లలంతా ఎవరింటికి వాళ్లు పోయి సెల్లు పట్టుకుంటున్నారు. స్కూల్ నుంచి వచ్చేసరికి ఐదున్నర, ఏడింటి నుంచి ట్యూషన్, అన్నం తినేసరికి తొమ్మిదిన్నర, పడుకునేసరికి పదకొండు.

మా అత్తగారు మాతోనే ఉంటారు. పిల్లాడన్నాక కాస్త ఒళ్లుండాలి, ఎదిగేటప్పుడు అదే సాగిపోతుంది అంటారు. రెండు పూటలా పాలల్లో పౌడరు, పంచదార వేసి ఇస్తారు, ట్యూషన్‌కు వెళ్లే ముందు జంతికలో చిప్స్ ప్యాకెట్టో చేతిలో పెడతారు. మా వారేమో పూర్తిగా ఇంకో రకం. వాడు కంచం ముందు కూర్చోగానే "ఇంక పెట్టకు, ఎలా అయిపోయాడో చూడు" అంటారు. మొన్న ఒక పెళ్లిలో చుట్టాలావిడ నలుగురిలో వాడి బుగ్గ పట్టుకుని ఏదో అంది, వాడు ఇంక భోజనాల బంతికే రానన్నాడు. ఇంటికొచ్చాక రాత్రి వంటింట్లో లైటు వేయకుండా నిలబడి స్వీట్లు తింటున్నాడు, నన్ను చూడగానే డబ్బా వెనక్కి దాచేశాడు. బరువు సంగతి అలా ఉంచండి, ఆ దాచుకోవడం చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

వాడికి డైట్ పెట్టాలా? థైరాయిడ్ టెస్ట్ చేయించాలా? అత్తగారికి, మా వారికి గొడవ లేకుండా ఎలా చెప్పాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

పిల్లల డాక్టర్, రాజమండ్రి:

నమస్తే అమ్మా. బాబును చూడకుండా పూర్తిగా చెప్పలేను, మీరిచ్చిన కొలతలతో కొంత చెప్పొచ్చు. బరువు 42ను మీటర్లలో ఎత్తు 1.36తో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చూపే అంకె, 22.7 వస్తుంది. పెద్దవాళ్లకు అది మామూలు అంకె, పిల్లల్లో వయసును బట్టి చూడాలి. మన దగ్గర ఐదు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో ఇచ్చిన చార్టులు వాడతాం, వాటి ప్రకారం తొమ్మిదేళ్ల మగపిల్లాడికి ఇది ఊబకాయం గీతకు పైన ఉన్నట్టు. కాబట్టి ఎదిగేటప్పుడు సాగిపోతుందిలే అని వదిలేయడం సరికాదు.

అలాగని కిలోలు దించే పని పెట్టుకోకండి. ఈ వయసులో ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతాడు. బరువు ఇక్కడే నిలబడి ఎత్తు 142కు వస్తే అదే బీఎంఐ 21 లోపుకు దిగుతుంది, అంటే ఒక్క కిలో తగ్గకుండానే చాలా మేలు జరిగినట్టు. మీ వాడి వయసులో ఎక్కువమందికి మేం పెట్టే మొదటి లక్ష్యం ఇదే. అన్నం మాన్పించడం, బరువు తగ్గించే పౌడర్లు, ఫోన్లో ఎవరో చెప్పిన డైట్లు పిల్లల జోలికి రానివ్వకండి.

థైరాయిడ్ గురించి దాదాపు ప్రతి తల్లీ అడుగుతుంది. తిండి ఎక్కువై ఆట తగ్గి లావైన పిల్లలు సాధారణంగా తోటివాళ్ల కంటే కాస్త పొడుగ్గానే ఉంటారు, మీ వాడూ పొడుగువైపే ఉన్నాడు. హార్మోన్ల లోపమైతే బరువు పెరుగుతూ ఎత్తు ఆగిపోతుంది. స్కూల్లో రాసిన పాత ఎత్తులు ఉంటే వెతికి పట్టుకురండి, డాక్టర్‌కు సగం జవాబు అందులోనే దొరుకుతుంది. ఇంకొకటి, మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా మందంగా ఉందేమో చూడండి. చాలామంది మట్టి అనుకుని పీచుతో తోముతారు, అది పోదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని చెప్పే గుర్తు అది. అలా ఉన్నవాళ్లకూ, పదేళ్లు దాటినవాళ్లకూ షుగర్, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు చేయిస్తాం. గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడుతుంటే త్వరగా చూపించండి. తుంటి దగ్గరో మోకాలి దగ్గరో నొప్పి అంటూ కుంటుతుంటే మాత్రం ఆ రోజే తీసుకెళ్లండి, బరువున్న పిల్లల్లో తుంటి ఎముక జారే ప్రమాదం ఉంది.

మీ ఇంట్లో ఒక్కరికే వచ్చిన సమస్య కాదిది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ల లోపు పిల్లల్లో ఎత్తుకు మించిన బరువున్నవాళ్లు 2.1 శాతం, 2019-21 సర్వేకు 3.4 అయ్యారు. ప్రపంచం మొత్తం మీద చూస్తే, ఐదు నుంచి పంతొమ్మిదేళ్ల వాళ్లలో ఊబకాయం ఉన్నవాళ్ల సంఖ్య బక్కచిక్కిన వాళ్ల సంఖ్యను దాటిందని 2025లో యునిసెఫ్ చెప్పింది. ఇంతమంది పిల్లలకు ఒకేసారి నోరు కట్టుకోవడం చేతగాకుండా పోలేదు కదా, వాళ్ల చుట్టూ ఉన్న తిండి, ఆట, నిద్ర మారిపోయాయి. అందుకే పిల్లాడిని కాకుండా ఇంటిని మార్చమంటాం.

వైజాగ్ అమ్మాయి:

అక్కా, మీరు రాసిన డబ్బా సంగతి చదివి వెంటనే రిప్లై పెడుతున్నాను. చిన్నప్పుడు నేనూ అంతే, దాచుకుని తినేదాన్ని. ఇంట్లో అందరూ నా కంచంలోకే చూసేవాళ్లు, తమ్ముడికి రెండో గరిటె వేసి నా దగ్గరకు రాగానే చెయ్యి ఆపేసేవాళ్లు. ఆకలి తీరక కొంత, అవమానంతో కొంత, ఎవరూ లేనప్పుడు గబగబా మింగేదాన్ని, రుచి కూడా తెలిసేది కాదు. స్కూల్లో నాకు పెట్టిన పేరు ఇక్కడ రాయను. ఆ పేరుకు భయపడి ఆటల పీరియడ్‌లో కడుపునొప్పి అని క్లాసులోనే కూర్చునేదాన్ని, కదలకపోయేసరికి ఇంకా లావయ్యాను.

మీ వారితో ఈ ఒక్క మాట గట్టిగా చెప్పండి. కంచం ముందు వాడి ఒంటి గురించి మాట్లాడొద్దని. మంచి మాట కూడా వద్దు, "కొంచెం తగ్గావురా" అన్నా పిల్లలకు అర్థమయ్యేది మళ్లీ అందరూ నన్నే కొలుస్తున్నారనే. చుట్టాలు అంటే అక్కడికక్కడే వాడు వినేలా "మా వాడి గురించి అలా మాట్లాడకండి పిన్నిగారూ" అనేయండి. వాళ్లు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. అమ్మ నా పక్కన నిలబడింది అనేది పిల్లాడికి ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేను.

స్వీట్లు ఇంట్లో ఉంటే అందరూ కలిసి కూర్చున్నప్పుడు వాడికీ ఒకటి పెట్టండి, అందరితో సమానంగా. వద్దనుకుంటే అసలు కొనకండి. పెద్దవాళ్లు తింటూ వాడికి మాత్రం వద్దనడం, తాళం వేయడం, లెక్కపెట్టడం మాత్రం చేయకండి అక్కా. ఒకవేళ వాడు దాచుకుని తినడం ఎక్కువైనా, స్కూల్‌కు వెళ్లనని మొండికేసినా, ఎవరితోనూ కలవకపోయినా పిల్లల సైకాలజిస్ట్ దగ్గరకు తీసుకెళ్లడానికి సంకోచించకండి.

పీఈటీ మాస్టారు:

మేడమ్, నేను మండలంలో హైస్కూల్ పీఈటీని. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలే ఆట కావాలంటుంది, అది కూడా ఆయాసం వచ్చేంత ఆట. గంట ఒకేసారి దొరకదు, మీ వాడి టైమ్‌టేబుల్ చూస్తే అసలే దొరకదు. ముక్కలుగా పెట్టుకోండి. స్కూల్ నుంచి రాగానే స్నానం, ట్యూషన్ మధ్య ముప్పావుగంట ఉందిగా, అది ఆటకే. ట్యూషన్ దగ్గరైతే నడిపించండి లేదా సైకిల్.

లావుగా ఉన్న పిల్లాడిని తీసుకెళ్లి పరుగులో నిలబెట్టకండి. చివర వస్తాడు, ఇంకెప్పుడూ గ్రౌండ్ ముఖం చూడడు. నా దగ్గర బరువున్న పిల్లలకు ముందు కబడ్డీ, షాట్‌పుట్, టగ్ ఆఫ్ వార్ ఇస్తాను, అక్కడ బలమే పనికొస్తుంది, జట్టు వాళ్లే మావైపు రారా అని పిలుస్తారు. అలా పిలిపించుకున్న పిల్లాడు నెమ్మదిగా ఖోఖోకు కూడా వస్తాడు. ఈత కూడా చాలా మంచిది, మోకాళ్ల మీద బరువు పడదు. ఆదివారం వాళ్ల నాన్నగారిని రాఘవయ్య పార్కుకో ఎక్కడికో బంతి పట్టుకుని వాడితో వెళ్లమనండి, ఆయన కూడా ఆడాలి, బెంచీ మీద కూర్చుని ఫోన్ చూస్తే లాభం లేదు.

స్కూల్‌ను కూడా అడగండి. విద్యా హక్కు చట్టం షెడ్యూల్‌లో స్కూల్‌కు ఆట స్థలం ఉండాలని స్పష్టంగా ఉంది. చాలా ప్రైవేటు స్కూళ్లలో టైమ్‌టేబుల్ కాగితం మీద గేమ్స్ పీరియడ్ ఉంటుంది, ఆ పీరియడ్‌లో లెక్కల సార్ వచ్చి కూర్చుంటాడు. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సులని సాయంత్రం స్టడీ అవర్లు పెట్టే చోట పిల్లలు రోజంతా బెంచీకి అతుక్కుపోతున్నారు, చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి అడిగినట్టే వారానికి ఎన్ని గేమ్స్ పీరియడ్లు నిజంగా జరిగాయో నలుగురు కలిసి అడగండి, సమాధానం చెప్పి తీరాలి.

కూకట్‌పల్లి కోడలు:

అత్తగారి విషయం నేను చెప్తాను. ఆవిడ ప్రేమంతా తిండి రూపంలో వస్తుంది, దాన్ని ఆపితే ప్రేమను ఆపినట్టే బాధపడతారు. ఆవిడ చేతిని ఆపకండి, చేతిలోది మార్చండి. మా ఇంట్లో సాయంత్రం గుగ్గిళ్ల డ్యూటీ అత్తయ్యదే. ఒకరోజు శనగలు, ఒకరోజు బొబ్బర్లు, ఒకరోజు ఉడికించిన పల్లీలు, ఒకరోజు జామకాయ ముక్కల మీద ఉప్పుకారం. తాలింపు గింజలు చిటపటలాడేటప్పుడు పచ్చి కొబ్బరి, మామిడికాయ తురుము వేస్తే పిల్లలు వాసనకే వంటింట్లోకి వస్తారు, చిప్స్ ఊసెత్తరు. మీ వాడిని కూడా గింజలు నానబోయడానికి, బఠానీలు ఒలవడానికి నానమ్మ పక్కన కూర్చోబెట్టండి.

పాల పౌడరు డబ్బా వెనక్కి తిప్పి చదవండి. కొన్నింట్లో మూడో వంతు వరకు చక్కెరే ఉంటుంది, దాని మీద మీ అత్తగారు మళ్లీ పంచదార వేస్తున్నారు. ఈ వయసు పిల్లాడికి రోజుకు 1700 కేలరీలు అనుకుంటే విడిగా కలిపే చక్కెర 42 గ్రాములు దాటకూడదు, సగానికి తగ్గితే ఇంకా మంచిది. కూల్‌డ్రింక్ చిన్న సీసా 250 మిల్లీలీటర్లలోనే పాతిక గ్రాములకు అటూ ఇటుగా ఉంటుంది. ఈ లెక్క మా అత్తయ్యకు పంచదార చెంచాలతో గిన్నెలో పోసి చూపించాను, ఆవిడే "అయ్యో ఇంతా!" అని మరుసటి రోజు నుంచి ఉత్త పాలే ఇచ్చారు. మాట కంటే ఆ గిన్నె బాగా పనిచేసింది.

అన్నం మానక్కర్లేదు. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే పళ్లెంలో దాదాపు సగం కూరగాయలు, పళ్లే ఉంటాయి, మనం దాన్ని తిరగేసి అన్నం కొండలా పెట్టి కూర అంచుకు వేస్తాం. ముందు కూర, పప్పు, గుడ్డు వేసి తర్వాత అన్నం పెట్టండి, చివర పల్చటి మజ్జిగ. ఏం వండాలి, ఏ వేళకు పెట్టాలి అనేది మీ చేతిలో ఉంచుకోండి, ఎంత తినాలో వాడి కడుపుకు వదిలేయండి. టీవీ, సెల్లు కంచం దగ్గర ఎవరికీ వద్దు, పెద్దవాళ్లకు కూడా.

స్కూల్ క్యాంటీన్‌లో చిప్స్, కూల్‌డ్రింకులు అమ్ముతుంటే ఊరుకోకండి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్నవి స్కూల్ లోపల గానీ గేటు నుంచి 50 మీటర్లలో గానీ అమ్మకూడదని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లోనే నిబంధన తెచ్చింది. 2025లో సీబీఎస్‌ఈ కూడా ఏ డ్రింకులో ఎంత చక్కెరుందో చూపించే షుగర్ బోర్డులు పెట్టమని స్కూళ్లకు చెప్పింది. మీది స్టేట్ సిలబస్ అయినా ఆ బోర్డు అడగడంలో తప్పులేదు.

బెజవాడ అమ్మ:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. వైజాగ్ చెల్లి రాసింది మా వారికి చదివి వినిపించాను, చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "రేపటి నుంచి అననులే" అన్నారు. మెడ వెనక చూశాను, కొంచెం నల్లగానే ఉంది డాక్టర్ గారూ, నేనూ ఇన్నాళ్లూ సరిగా రుద్దుకోవడం లేదనే తిట్టాను. ఈ వారమే చూపిస్తాం. ఒక డౌట్, ట్యూషన్ మాన్పిస్తే చదువు దెబ్బతింటుందని భయం, అలాగే ఉంచితే నిద్ర పదకొండుకు. ఏం చేయమంటారు?

పిల్లల డాక్టర్, రాజమండ్రి:

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు తొమ్మిది గంటల నిద్ర తక్కువలో తక్కువ అమ్మా. పదకొండుకు పడుకుని ఆరున్నరకు లేస్తే ఏడున్నరే అవుతోంది. నిద్ర చాలని పిల్లలకు ఆకలి పెరుగుతుంది, తీపి మీదకు, నూనె సరుకు మీదకు మనసు పోతుంది, పగలు చిరాకు, క్లాసులో పాఠం ఎక్కదు. కాబట్టి నిద్ర తగ్గిస్తే చదువూ దెబ్బతింటుంది. నాలుగో తరగతికి ట్యూషన్ నా దృష్టిలో అవసరం లేదు. మానలేకపోతే రాగానే ఐదున్నర నుంచి ఆట, ఆరున్నర నుంచి ఏడున్నర వరకే ట్యూషన్, ఎనిమిదింటికి భోజనం, తొమ్మిదిన్నర కల్లా లైట్లు తీసేయడం అలా జరపండి, ట్యూషన్ టీచర్‌తో మాట్లాడితే ఒప్పుకుంటారు. సెల్లులన్నీ హాల్లో ఛార్జింగ్ పెట్టేయండి, మీవి కూడా.

డాక్టర్ దగ్గర బరువు చూసేటప్పుడు అంకె గట్టిగా చదవొద్దని ముందే నర్సమ్మకు చెప్పండి. ఇంట్లో మిషన్ ఉంటే అటక మీద పెట్టేయండి, మూడు నెలలకోసారి మా దగ్గర చూస్తే చాలు.

పీఈటీ మాస్టారు:

సెల్లార్ సంగతి మర్చిపోయాం. అసోసియేషన్ మీటింగ్‌లో ఐదున్నర నుంచి ఆరున్నర వరకు ఒకవైపు నాలుగు కార్లు బయట పెట్టమని అడగండి. గట్టి బంతి వద్దు, స్పాంజి బంతి, షటిల్, ఏడు పెంకులాట చాలు. మీ ఒక్క ఇంటి మాటగా వెళ్తే వినరు, పిల్లలున్న ఐదారు ఇళ్ల వాళ్లు కలిసి వెళ్లండి మేడమ్.