చలికాలపు బీరుకి మార్కులు ఎలా వేయాలి?

ఉప్పుటేరు, భీమవరం
బెల్జియం నుంచి వచ్చిన బంధువు ఆరు సీసాలు తెచ్చారు. ఒక్కోటీ 330 మి.లీ. (కస్టమ్స్‌లో మనిషికి రెండు లీటర్లే వదులుతారు, అందుకే ఆరు.) అన్నీ క్రిస్మస్ సీజన్‌కి కాచే ముదురు రంగు బీర్లే, ఆల్కహాల్ 8 నుంచి 12 శాతం. సంక్రాంతికి నలుగురం కూర్చుని మార్కులు వేద్దామని ఆలోచన. ముందుగా ఒకటి తెరిస్తే సగం నురగై తన్నుకొచ్చింది. మిగిలింది ఐసులా చల్లగా తాగితే దాల్చినచెక్క ఒగరు తప్ప ఏమీ తెలియలేదు. పైగా తడిసిన అట్టపెట్టె వాసన. తప్పు బీరుదా, మాదా?

గౌతమిగట్టు, రాజమండ్రి
సగం తప్పు ఫ్రిజ్‌దండి. చల్లదనం తీపినీ వాసననీ అణిచేసి చేదునీ ఒగరునీ పైకి తెస్తుంది. ఈ బీర్లు 10-13 డిగ్రీల దగ్గర తాగాల్సినవి. ఫ్రిజ్ 4 డిగ్రీల్లో ఉంటే, మన జనవరి సాయంత్రం గదిలో సీసాని 20-25 నిమిషాలు బయట పెడితే సరిపోతుంది.

అంతకు ముందు రెండు రోజులు సీసాని ఫ్రిజ్‌లో నిలబెట్టే ఉంచండి, పడుకోబెట్టొద్దు. బీరుని పులియబెట్టిన ఈస్టు అడుగున పేరుకోవాలి. పోసేటప్పుడు అడుగున వేలెడు వదిలేయండి. నలుగురికీ తలా 75 మి.లీ. వస్తుంది, రుచి చూడ్డానికి అది చాలు. మూతి సన్నగా ఉండే వైన్ గ్లాసు వాడండి. సబ్బు జిడ్డు ఉంటే నురగ నిలవదు, దానికి బీరుని తిట్టుకోవద్దు.

పోయగానే వాసన చూడాలి, తేలికపాటివి ముందే ఎగిరిపోతాయి. తక్కువ శాతం నుంచి ఎక్కువకి వెళ్లండి. గదిలో అగరొత్తులు, లంక పొగాకు చుట్ట రెండూ వద్దు.

కోటిపల్లిరేవు
మార్కులకి బీజేసీపీ (బీరు జడ్జీలకి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) జడ్జీల పద్ధతి మంచిది. మొత్తం 50: వాసన 12, చూపు 3, రుచి 20, నోటికి తగిలే తీరు 5, మొత్తం మీద అభిప్రాయం 10. చూపుకి మూడే, గమనించండి. రంగు చూసి మురిసిపోయేవాళ్లకి ఆ అంకె మందు. 38 దాటితే చాలా మంచి బీరు, 21 కిందకి పోతే లోపాలున్నట్టు. వాళ్ల బీరు రకాల జాబితాలో ఈ మసాలా వేసిన చలికాలపు బీరు నంబరు 30సి.

అసలు చూడాల్సింది: మసాలా తీసేసినా కింద బీరు మిగులుతుందా? పులిహోరలో ఇంగువలా ఉండాలి. ఉందని తెలియాలి, ఇంగువ తింటున్నట్టు ఉండకూడదు. లవంగం వాసన వచ్చినంత మాత్రాన లవంగం వేశారనుకోకండి, కొన్ని బెల్జియం ఈస్టులే ఆ వాసన పుట్టిస్తాయి. వేసిన లవంగం ఎక్కువైతే నాలుక తిమ్మిరెక్కుతుంది, ఈస్టు వాసన అలా చేయదు. గుండెల్లో వెచ్చగా దిగితే మంచిదే. గొంతు మండినా, నెయిల్ పాలిష్ వాసన కొట్టినా మార్కులు కోయండి.

లంకగ్రామం
నురగ సంగతి. కుదుపూ వెచ్చదనమూ కలిస్తే మంచి సీసా కూడా పొంగుతుంది. రెండు రోజులు కదపకుండా చల్లబరిచి తెరిచినా పొంగి, బీరు పల్చగా, పుల్లగా, ఆసుపత్రి మందుల వాసనతో ఉంటే అప్పుడు అందులో అడవి ఈస్టో బాక్టీరియానో చేరిందనుకోవాలి.

అట్టపెట్టె వాసన ఆక్సిజన్ తగిలి పాతబడ్డ గుర్తు. వేడి పెరిగేకొద్దీ ఆ పని తొందరగా జరుగుతుంది, మన ఊళ్లల్లో బీరువాలో పెట్టిన సీసా గతి అంతే. అయితే గట్టి బీరు పాతబడితే ఎండు ఖర్జూరం, ఎండుద్రాక్ష వాసన కూడా వస్తుంది. దానికి మార్కులు తగ్గించొద్దు. ఇక్కడ చాలామంది రెంటినీ కలిపేస్తారు.

వెన్న వాసన, ఇనుము వాసన కూడా లోపాలే. వెన్న వాసన అనుమానమైతే గ్లాసుని అరచేతిలో వెచ్చబెట్టి, మీద చెయ్యి మూసి, ఒక్కసారి తీసి చూడండి. ఇనుము అనుమానమైతే ఒక చుక్క చేతి వెనక రుద్ది వాసన చూడండి.

ఉప్పుటేరు, భీమవరం
అందరికీ థాంక్సండి. మిగతా అయిదూ ఇవాళే నిలబెట్టాను. నంజుకి రొయ్యల వేపుడు పెట్టొచ్చా? తాపేశ్వరం కాజా కూడా ఉంది.

కోటిపల్లిరేవు
మార్కులు వేసేంతవరకు ఉప్పులేని బ్రెడ్డూ మంచినీళ్లే. కారం తింటే ఆల్కహాల్ మంట రెట్టింపు అనిపిస్తుంది, వేపుడు నూనె పెదాలకంటితే గ్లాసులో నురగ చచ్చిపోతుంది. కాజా కొరికాక తాగితే ఎంత తియ్యటి బీరైనా చేదుగా తోస్తుంది. కాగితాలు పక్కన పెట్టాక, 12 శాతం సీసాలో మిగిలింది ఉంటే అప్పుడు కాజా తీయండి.