బోరు నీళ్లతో కరివేపాకు పసుపెక్కుతోంది, పీహెచ్ తగ్గించేదెలా?

నమస్కారమండీ. మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్. హాల్లో కిటికీ పక్కన కుండీలో ఉన్న కరివేపాకుకి కొత్త చిగుళ్లు పసుపు రంగులో వస్తున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. ఐరన్ అందట్లేదేమో అనిపిస్తోంది.

పోసేది బోరు నీళ్లే. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8.2 ఉంది, మట్టిది 7.8. ఇంత ఎక్కువుంటే మట్టిలో ఐరన్ ఉన్నా మొక్క సరిగా తీసుకోలేదంటారు. కుండీ అంచున తెల్లటి పొర కూడా కడుతోంది. నిమ్మరసం పిండితే నీళ్లు 6.5కి దిగుతున్నాయి కానీ, నెల దాటినా మట్టి పీహెచ్ మాత్రం తగ్గలేదు. ఇదివరకు పేరుకున్న సున్నం వల్లేనా?

సిట్రిక్ యాసిడ్ లీటరుకి ఎంత కలుపుతున్నారు? ఇంట్లో కుండీకి గంధకం పొడి వేయొచ్చా? మొక్కలకి వేసే ఐరన్ మందుల్లో, ఇంత పీహెచ్‌లో ఈడీటీఏ రకం సరిగా పనిచేయదని, ఈడీడీహెచ్‌ఏ రకం నయమని చదివాను. వాడినవాళ్లుంటే దయచేసి చెప్పండి. అమ్మ ఊరి నుంచి తెచ్చిచ్చిన మొక్క, ఎండిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.