అప్‌డేట్: ఎల్‌టీఓ-6 టేపుల్లోని పాత మైక్రోస్కోపీ డేటా చేతికొచ్చింది

ఎల్‌టీఓ అంటే డేటాను దాచిపెట్టే అయస్కాంత టేపుల రకం; పక్కనున్న అంకె దాని తరం. బెంగళూరులోని మా ల్యాబులో కొత్తగా కొన్న ఎల్‌టీఓ-8 డ్రైవు పాత ఎల్‌టీఓ-6 టేపులను లోనికి లాక్కుని, కాసేపు గుర్రుమని, చదవకుండానే బయటికి తోసేస్తోందని, డేటా పాడైపోయిందేమోనని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఎల్‌టీఓ-7 డ్రైవులో పెట్టి చూడమన్న సలహాయే ఫలించింది. డేటా రికవరీ నిపుణుడు వివరించినదాని ప్రకారం, ఎల్‌టీఓ-7 వరకు డ్రైవులు తమకంటే రెండు తరాల ముందటి టేపులను కూడా చదవగలవు గానీ, ఎల్‌టీఓ-8 మాత్రం ఒక్క తరం వెనక్కే వెళ్తుంది కాబట్టి, చదవలేకపోవడానికి కారణం మా టేపుల్లోని లోపం కాదు. గదిలోని తేమ, కేబుల్, డ్రైవర్ సాఫ్ట్‌వేరు గురించి ఇక్కడ సాగిన సుదీర్ఘ చర్చకు దీనితో ఏ సంబంధమూ లేదని తేలింది.

అద్దెకు తెచ్చిన ఎల్‌టీఓ-7 డ్రైవుతో అన్నీ చదివాము. టేపులు ఎల్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో (టేపులోని ఫైళ్లను మామూలు డిస్కులో మాదిరిగా తెరవనిచ్చేది) రాసి ఉండటం వల్ల పాత బ్యాకప్ సాఫ్ట్‌వేరు కోసం వెతుక్కునే తిప్పలు తప్పాయి. అప్పట్లో భద్రపరచిన ఎస్‌హెచ్‌ఏ-256 జాబితాతో (ఫైలు మారిందో లేదో పట్టిచ్చే, వేలిముద్రల్లాంటి సంకేతాల జాబితా) ప్రతి ఫైలునూ పోల్చగా ఒక్క ఫోల్డరులోనే తేడా కనిపించింది. దాన్ని అదే డేటా ఉన్న రెండో టేపు నుంచి సరిచేసుకున్నాము. మొత్తం డేటాను ఎల్‌టీఓ-8 టేపులపై రెండు కాపీలుగా రాసి, ఒకదాన్ని చెన్నైలోని సహ పరిశోధకుల దగ్గర ఉంచాము.